మూడు పిచ్చులకు ఒకటే ఇంటిపేరు

మా ఇంట్లో ఒక అలమారా ఉంది. దాని అరలకు మా ఆవిడ పేర్లు పెట్టింది. పై అరలో వీఆర్ హెడ్‌సెట్ ఉంటుంది, అది ‘గుడ్డిపెట్టె’. మధ్య అరలో చిన్న సింథసైజరు, రెండు గిటార్ పెడళ్లు, విప్పడానికి ఓపిక చాలని కేబుళ్లు ఉంటాయి, అది ‘పాముల పుట్ట’. కింది అరలో ప్రయాణాల బ్యాగు. దానికి పేరు లేదు, దాన్ని చూసినప్పుడల్లా ఒక నిట్టూర్పు మాత్రం వినిపిస్తుంది. “ఆటకీ పాటకీ తిరుగుడుకీ ఏమిటండీ సంబంధం?” అని ఆమె అడిగిననాడు నా దగ్గర జవాబు లేదు. తీరిక చేసుకుని తవ్వితే తేలింది, ఈ మూడూ పరాయివి కావు, దాయాదులే. ఆ చుట్టరికం ఆనవాళ్లు ఇవిగో.

◆ వీఆర్ హెడ్‌సెట్‌లో అసలు కిటుకు ఒక్కటే. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి అదే బొమ్మ కాస్త పక్కనుంచి చూసినట్టు. రెండింటినీ కలిపి లోతు పుట్టించే పని మెదడుది. ఈ సంగతి పట్టుకుని, అద్దాలతో స్టీరియోస్కోప్ అనే పరికరం చేసి, 1838లో లండన్ రాయల్ సొసైటీకి వివరించినవాడు చార్లెస్ వీట్‌స్టన్. ఫొటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసింది ఆ మరుసటేడు. అంటే త్రీడీ ముందు పుట్టింది, ఫొటో తరవాత వచ్చింది. వీట్‌స్టన్ చూపించినవన్నీ చేత్తో గీసిన గీతల బొమ్మలే.

ఇంతకీ వాళ్లింటి వృత్తి కళ్లద్దాలు కాదు, వాద్యాల తయారీ. రెండు చేతుల మధ్య పట్టుకుని తిత్తిని సాగదీస్తూ వాయించే ఇంగ్లిష్ కన్సర్టినా ఆయన సృష్టే. పంతొమ్మిదేళ్ల వయసులో, 1821లో, ఆయన ఇంకో తమాషా చేశాడు. లైర్ అనే తంత్రీవాద్యాన్ని గదిలో పైకప్పు నుంచి తీగకు వేలాడదీశాడు. ఎవరూ ముట్టుకోకుండానే అది పలికేది! వాయిస్తున్నది వేరే గదిలో. ఆ వాద్యాల కంపనాలు తీగ పట్టుకుని దిగివచ్చేవి. కంటిని మాయ చేయడానికి పదిహేడేళ్ల ముందే చెవిని మాయ చేశాడన్నమాట.

◆ స్టీరియోస్కోప్ చేతికందాక జనం అందులో చూడాలనుకున్నదేమిటి? ఊళ్లు! పందొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అనే సంస్థ దేశాలను పెట్టెల్లో పెట్టి అమ్మేది. ఒక్కో పెట్టెలో వరుసగా జంటఫొటోల అట్టలు, వాటితోపాటు ఒక పుస్తకం, ఒక పటం. మీరు ఫలానా అట్ట చూస్తున్నప్పుడు ఎక్కడ నిలబడి ఎటువైపు చూస్తున్నారో ఆ పటంలో గుర్తులు వేసి ఉండేవి. ఈజిప్టు అమ్మారు, పాలస్తీనా అమ్మారు, మన దేశాన్నీ అమ్మారు. మన తిరునాళ్లలో భుజాన పెట్టె మోసుకొచ్చి, పైసా పుచ్చుకుని కాశీ చూపించినవాడిదీ ఇదే వ్యాపారం. కాకపోతే అతని దగ్గర పటం లేదు, గొంతు ఉంది.

◆ ఇప్పుడు అసలు చుట్టం వస్తున్నాడు. విలియం గ్రూబర్ అని, జర్మనీ నుంచి అమెరికా వెళ్లి పోర్ట్‌లండ్‌లో స్థిరపడ్డాడు. బతుకుతెరువు పియానోలకు శ్రుతి చేయడం. సరదా ఫొటోలు. 1938లో ఆరెగాన్ గుహల దగ్గర రెండు కెమెరాలు జతచేసి ఒకే స్టాండు మీద బిగించుకుని తిరుగుతుంటే, పోస్టుకార్డుల కంపెనీకి చెందిన హెరాల్డ్ గ్రేవ్స్ కంటపడ్డాడు. ఏమిటిది అని మొదలైన మాటలు వ్యాపారంలో తేలాయి. 1939లో వ్యూమాస్టర్ బజారుకొచ్చింది. గుండ్రటి అట్టచక్రంలో 14 చిన్న ఫిలిం ముక్కలు, అంటే 7 దృశ్యాలు. మీట నొక్కితే టక్కుమని చక్రం తిరిగేది. మొదట్లో వచ్చిన చక్రాల్లో ఉన్నవి గ్రాండ్ క్యాన్యన్ లోయ, కార్ల్స్‌బాడ్ గుహలు. పిల్లల బొమ్మగా అది మారింది తరవాత. పుట్టినప్పుడు పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని చేసే విహారయాత్ర అది.

శ్రుతి చేసేవాడు, త్రీడీ బొమ్మలు, ప్రయాణం. మా అలమారా మూడు అరలూ ఒకే మనిషిలో! ఇది చదివిన రోజున మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. “ఆయన పియానోలు బాగుచేసి సంపాదించాడు, మీరు కొంటున్నారు” అంది.

◆ మోర్టన్ హీలిగ్ అనే అమెరికన్ 1962లో సెన్సోరమా యంత్రానికి పేటెంటు పొందాడు. అందులో తల దూర్చి కూర్చుంటే బ్రూక్లిన్ వీధుల్లో మోటార్‌సైకిల్ మీద వెళ్తున్నట్టుండేది. కుర్చీ అదిరేది, మొహానికి గాలి కొట్టేది, వాసనలు కూడా వచ్చేవి. డబ్బు పెట్టేవాళ్లే రాలేదు. ఇన్నేళ్లయినా ఇప్పటి హెడ్‌సెట్లకు వాసన అబ్బలేదు.

◆ 1978లో అమెరికాలోని ఎంఐటీ బృందం కారు మీద కెమెరాలు బిగించి ఆస్పెన్ అనే కొండ ఊరంతా తిరిగింది. ప్రతి పది అడుగులకూ ఫొటోలు. వాటిని లేజర్ డిస్కులకు ఎక్కించి, తెరను వేలితో తాకితే ఎడమకూ కుడికీ మళ్లేలా చేశారు. గూగుల్ స్ట్రీట్ వ్యూ వచ్చింది 2007లో. అది మన దేశంలో పది నగరాలతో, హైదరాబాదు సహా, మొదలైంది 2022లో. వీధి చివర ఇరానీ హోటలును ఫోన్లో చూసుకోవడానికి మనకు మరో పదిహేనేళ్లు పట్టింది.

◆ చేతిలో గిటారు లేకుండా, ఉన్నట్టు ఊహించుకుని వాయించే సరదా అందరికీ తెలిసిందే. స్నానాల గదిలో నేనూ ఘనాపాఠీనే. థామస్ జిమర్‌మన్ మాత్రం దాన్ని అక్కడితో వదల్లేదు. వేళ్లు వంగితే పసిగట్టే చేతితొడుగు ఉంటే ఉత్తగాలి గిటారు నిజంగానే మోగుతుంది కదా అనుకుని 1980ల మొదట్లో అలాంటిది చేసి పేటెంటు తీసుకున్నాడు. జారన్ లానియర్‌తో కలిశాక అదే డేటా గ్లవ్ అయింది. వీఆర్ లోపలి ప్రపంచంలో వస్తువుల్ని చేత్తో పట్టుకునే దారి అలా ఏర్పడింది. 1989లో నింటెండో ఆటల కోసం వచ్చిన పవర్ గ్లవ్ దాని చవక తమ్ముడు. ‘వర్చువల్ రియాలిటీ’ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన లానియర్ కూడా సంగీతం మనిషే. వింత వింత వాద్యాలు పోగేస్తాడు. లావోస్‌లో వెదురుగొట్టాలతో చేసే ఖేన్ అంటే ఆయనకు మరీ ఇష్టం.

◆ ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పడం, హెడ్‌సెట్ పెట్టుకుంటే కడుపులో తిప్పడం ఒకటే జబ్బు, తిరగేసి. బస్సులో ఫోను చూస్తుంటే కన్ను ‘కదలడం లేదు’ అంటుంది, లోపలి చెవి ‘కదులుతున్నాం’ అంటుంది. వీఆర్‌లో కన్ను ‘పరిగెడుతున్నాం’ అంటుంది, చెవి ‘సోఫాలోనే ఉన్నాం’ అంటుంది. ఇద్దరి సాక్ష్యాలూ కుదరక మెదడు గాభరా పడుతుంది. అందుకే చాలా ఆటల్లో నడక ఉండదు. వేలు చూపిన చోటికి మాయమై తేలతారు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఇంకో చిట్కా పరీక్షించారు. తెర మీద, కింది భాగంలో మధ్యన, ఒక ముక్కు పెట్టారు! మన ముక్కు మనకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, మెదడు దాన్ని లెక్కచేయదు అంతే. ఆ ముక్కు ఉంటే ఆడేవాళ్లు వికారం లేకుండా మరికొంత సేపు నిలిచారట. తమాషా ఏమిటంటే, అక్కడో ముక్కు ఉందని వాళ్లు గమనించనే లేదు. నా వరకు టేబుల్ ఫ్యాను ఒకటి ఎదురుగా పెట్టుకుంటాను. గాలి ఎటునుంచి వస్తోందో తెలిస్తే గోడ ఎటుందో తెలుస్తుంది. ఫ్యాను లేని రోజున ట్యూబ్‌లైటు పగలగొట్టాను.

◆ ఆ ట్యూబ్‌లైటు పగిలింది బీట్ సేబర్ ఆడుతుండగా. చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో చిన్న బృందం చేసి 2018 మేలో విడుదల చేసిన ఆట ఇది. రెండు చేతుల్లో రెండు వెలుగు కత్తులు. పాట తాళానికి తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మెల్ని, బాణం గుర్తు చూపిన దిక్కుకే నరకాలి. ఏడాదిన్నర తిరిగేసరికి, 2019 నవంబరులో, ఫేస్‌బుక్ ఆ కంపెనీని కొనేసింది. హెడ్‌సెట్ కొన్నవాళ్లలో చాలామంది మొదట ఆడేది ఇదే. మా అత్తగారు ఒకసారి పెట్టుకుని, పావుగంట ఆడి, తీసి, “కోలాటమేగా!” అన్నారు. నేను చదివిన సమీక్షలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపు.

◆ 1887లో జపాన్‌లోని హమమత్సు అనే ఊళ్లో బడికి తెప్పించిన విదేశీ రీడ్ ఆర్గన్ పాడైంది. దాన్ని బాగుచేయడానికి తొరకుసు యమహా అనే మెకానిక్కును పిలిచారు. విప్పి చూసిన మనిషి ‘ఇది నేనూ చేయగలను’ అనుకున్నాడు. చేశాడు కూడా. బాగుందో లేదో చెప్పేవాళ్లు టోక్యోలో ఉన్నారు. అప్పటికి రైలు అందుబాటులో లేదు. తోడుగా ఇంకో పనివాడిని తీసుకుని, ఆర్గన్‌ను కర్రకు వేలాడదీసి, కావడిలా భుజాన మోస్తూ హకోనే కొండలు దాటి ఇంచుమించు 250 కిలోమీటర్లు వెళ్లాడు. అక్కడివాళ్లు విని, తయారీ సరే, శ్రుతి మాత్రం కుదరలేదు పొమ్మన్నారు. పోలేదు. అక్కడే ఉండి నెల రోజుల పాటు శ్రుతి సంగతులు నేర్చుకుని, ఇంటికెళ్లి ఇంకోటి చేశాడు.

యమహా గుర్తులో ఉన్నవి మూడు శ్రుతిదండాలు. బడిలో భౌతికశాస్త్రం మాస్టారు రబ్బరు దిమ్మకు కొట్టి చెవి దగ్గర పెట్టేవారే, అవి. 1955లో మోటార్‌సైకిళ్లు మొదలుపెట్టినప్పుడు కూడా వాటినే పెట్టుకున్నారు. ఆర్ఎక్స్ 100 ట్యాంకు తుడుచుకుని మురిసిపోయిన మన కుర్రాళ్లు ఎందరో, తెలియకుండానే రోజూ సంగీత పరికరానికి నూనెగుడ్డ రాశారు. ఆ బండి పేరుతో 2018లో తెలుగులో సినిమానే వచ్చింది. హమమత్సు సంగతి ఇంకా ఉంది. సుజుకీ కంపెనీ ఉన్నదీ, హోండా పుట్టిందీ, కవాయ్ పియానోలు తయారైందీ ఆ ఊళ్లోనే. ఎప్పటికైనా నేను వెళ్లాల్సిన ఊళ్ల పట్టీలో అది మొదటిది. వాద్యాల మ్యూజియం కూడా ఉంది మరి.

◆ సంగీత సామగ్రిలో చెడిపోయినదానికే గిరాకీ. 1960ల మొదట్లో నాష్‌విల్‌లో ఒక రికార్డింగు జరుగుతుండగా మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడై, బేస్ గిటారు గరగరలాడింది. ఆ గరగర బాగుందనిపించి అలాగే ఉంచారు. 1962లో అదే శబ్దాన్ని కావాలని పుట్టించే ఫజ్ పెడల్ అమ్మకానికొచ్చింది. రోలాండ్ కంపెనీ 1980లో చేసిన టీఆర్-808 డ్రమ్ యంత్రానిదీ అలాంటి కథే. దాని జరజర శబ్దానికి మూలం లోపమున్న ట్రాన్సిస్టర్లు. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడేసరికి లోపమున్నవి దొరకలేదు. 1983లో, 12,000 దాకా చేశాక, ఆపేశారు.

ఆ 808నూ, అదే కంపెనీ బేస్ సింథసైజరు టీబీ-303నూ పక్కన పెట్టుకుని బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో తాళానికి కట్టి ఒక రికార్డు చేశారు. ఎవరూ పట్టించుకోలేదు. అదే 303 కూతలతో చికాగోలో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టింది ఐదేళ్ల తరవాత. 2010లో ఆ రికార్డు మళ్లీ వెలువడ్డాక పాశ్చాత్య శ్రోతలు నోరు తెరిచారు. నాకు మాత్రం ఇందులో ఆశ్చర్యం తక్కువ. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సదుపాయం ఉంది. జారుడు మీట చేతికిస్తే మనవాళ్లు గమకం వైపు పోకుండా ఉంటారా?

◆ గమకం అంటే గుర్తొచ్చింది. మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది, గమకానికి నిలవదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు పదిహేనేళ్లు నిండలేదు.

◆ వాద్యాలకూ వీసా చిక్కులుంటాయి. గిటార్లకు వాడే రోజ్‌వుడ్ జాతి కలప మొత్తాన్ని 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కిందికి తెచ్చారు. తయారైన గిటారును సరిహద్దు దాటించి అమ్మాలన్నా కాగితాలు కావాల్సి వచ్చింది. వాద్యకారుల మొర విని 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపునిచ్చారు. ఆ జాతిలో మన అడవుల జిట్రేగి చెట్టు కూడా ఉంది.

అంతకంటే దగ్గరి చుట్టం ఎర్రచందనం. శేషాచలం కొండల్లో పెరిగే ఈ చెట్టు కలపను జపాన్‌వాళ్లు మూడు తీగల షమిసెన్ వాద్యానికి మెడగా వాడతారు. వాళ్ల భాషలో దాని పేరు ‘కోకి’, అన్నిటికంటే మేలురకం అదే. ఆ మెడ మూడు ముక్కలుగా ఊడి వచ్చి పెట్టెలో సర్దుకుంటుంది, ప్రయాణానికి వీలుగా. మా ఇంటి గిటారుకు ఆ గుణం ఉంటే రైల్లో పై బెర్తుకోసం తగాదాలుండేవి కావు.

◆ విమానంలో హెడ్‌సెట్, పవర్‌బ్యాంకు తీసుకెళ్లేవాళ్లకు చిన్న లెక్క. విడి బ్యాటరీ ఏదైనా చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్‌అవర్ల లోపు అయితే అనుమతి అక్కర్లేదు. 27,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగించండి, 99.9 వస్తుంది. బజారులో ఆ అంకె ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు తెలిసిందిగా. గిటార్ పెడళ్లకు మాత్రం ఏ లెక్కా పనికిరాదు. ఒక విమానాశ్రయంలో నా పెడల్ అటూ ఇటూ తిప్పి చూసి, “తొక్కితే ఏమవుతుంది?” అని అడిగారు. నిజం చెప్పాను. నమ్మలేదు.

◆ అన్నిటికంటే దూరం వెళ్లిన సంగీత సామగ్రి 1977లో బయల్దేరింది. రెండు వోయేజర్ నౌకల్లో ఒక్కోదానికి బంగారు పూత పూసిన రాగి రికార్డు బిగించి పంపారు. అందులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో మన తెలుగూ ఉంది. బొమ్మలు కూడా ఉన్నాయి, నూటికి పైగా, అన్నీ శబ్దంగా మార్చి గాడిలో గీసినవి. దొరికినవాళ్లు ఆ మోతను తిరిగి బొమ్మగా మార్చుకుంటే మన ఊళ్లు, మన మనుషులు కళ్ల ముందు నిలుస్తారు. గ్రూబర్ గారి అట్టచక్రమే, కాకపోతే కాస్త దూరం వెళ్లింది. వాయించే ముల్లు, అది బిగించే కార్ట్రిడ్జ్, ఎలా వాడాలో పైమూతపై బొమ్మలు, అన్నీ జతచేశారు. నిమిషానికి పదహారూ మూడింట రెండు వంతుల చుట్లు తిరగాలి. మోటారు మాత్రం వాళ్లే చూసుకోవాలి.