ఒకే చెరువు - ఎన్నో అలంకారాలు

అలంకారాలంటే చాలామంది పిల్లలకు భయం. లక్షణం బట్టీపట్టటం, పరీక్షలో రాయటం, మరునాడు మరిచిపోవటం - ఇదే వాటితో వాళ్ళకున్న పరిచయం. నిజానికి అలంకారాలు పుస్తకాలలో పుట్టలేదు. "కోతిలా గెంతకురా!" అని అమ్మ కోప్పడితే అది ఉపమాలంకారం. "ఆకలికి కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి" అని మీరంటే అది అతిశయోక్తి. మాట్లాడటం వచ్చిన ప్రతివాడికీ అలంకారాలు వచ్చు. వాటి పేర్లే రావు.

ఆ పేర్లు నేర్చుకోవటానికి ఒక చెరువుగట్టు చాలు. వానలు కురిసి వెలిశాయి. ఊరి చెరువు నిండింది. పిల్లలంతా గట్టుమీద చేరారు.

"చెరువు అద్దంలా మెరుస్తున్నది" అన్నాడొకడు. ఇది ఉపమ. ఇందులో నాలుగు భాగాలున్నాయి. మనం వర్ణించే వస్తువు, అంటే చెరువు, ఉపమేయం. దేనితో పోల్చామో ఆ అద్దం ఉపమానం. రెండింటికీ ఉన్న పోలిక, మెరవటం, సమానధర్మం. పోలికను తెలిపే "లా" అనే మాట ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏదైనా లోపిస్తే లుప్తోపమ. "చెరువు అద్దంలా ఉన్నది" అంటే సమానధర్మం చెప్పలేదు గనక అది లుప్తోపమ అన్నమాట.

"ఆకాశం ముఖం చూసుకోవటానికి నేలమీద పెట్టుకున్న అద్దమేమో ఈ చెరువు!" అన్నది ఒక అమ్మాయి. ఇది ఉత్ప్రేక్ష. ఉపమ రెండు వస్తువులనూ పక్కపక్కన పెట్టి చూపుతుంది. ఉత్ప్రేక్ష ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇది అదేనేమో అని ఊహిస్తుంది.

"చెరువు అనే అద్దంలో ఆకాశం ముఖం చూసుకుంటున్నది" అన్నాడు మూడోవాడు. ఇక్కడ "లా" లేదు, "ఏమో" లేదు. చెరువే అద్దం. రెండింటికీ భేదం లేదన్నట్టు చెబితే అది రూపకం.

"అలలు లేచి మబ్బులను తడిపేస్తున్నాయి!" అన్నాడు నాలుగోవాడు. అంత ఎత్తు అలలు ఏ చెరువులోనూ లేవవు. ఉన్నదానికన్న ఎక్కువచేసి చెప్పటం అతిశయోక్తి.

అంతవరకు ఊరుకున్న ఒక పిల్లవాడు ఇలా అన్నాడు: "గేదెలు మెడలోతు నీళ్ళలో పడుకుని చెవులు మాత్రం ఆడిస్తున్నాయి. కొంగ ఒంటికాలిమీద నిలబడి, మెడ ముడుచుకుని, నీళ్ళకేసి చూస్తున్నది." ఇందులో పోలికా లేదు, ఊహా లేదు. ఉన్నది ఉన్నట్టు, కళ్ళకు కట్టేటట్టు చెప్పాడు. ఇది కూడా అలంకారమే. దీని పేరు స్వభావోక్తి. అన్నిటికన్న తేలిక అనిపిస్తుంది గాని, బాగా చూడటం తెలిసినవాడే ఇది చెప్పగలడు.

చివరకు అటుగా వచ్చిన తాత అన్నాడు: "చెరువు ఒక్క జల్లుతో నిండలేదర్రా, చుక్క చుక్క చేరి నిండింది. ఓపికతో చేసిన పని వృథా పోదు గదా!" ఒక ప్రత్యేక విషయాన్ని అందరికీ వర్తించే మాటతో సమర్థించటం అర్థాంతరన్యాసం. మనవాళ్ళు ఏదైనా జరగగానే ఒక సామెత చెప్పి తల ఊపుతారే, అదే ఇది.

ఇంతవరకు చూసినవి అర్థాలంకారాలు. మాటల చప్పుడుతో అందం తెచ్చేవి శబ్దాలంకారాలు. "చెరువుకు కట్ట కట్టారు" అనండి. "కట్ట" అనే హల్లుల జంట వెంటనే మళ్ళీ వచ్చింది, అర్థం మాత్రం వేరు. ఇది ఛేకానుప్రాస. "చెరువు నిండింది, చేను పండింది" అన్నప్పుడు చివర ఒకే చప్పుడు వచ్చింది గనక అది అంత్యానుప్రాస.

రెండు రకాలకూ తేడా కనుక్కోవటానికి ఒక చిట్కా ఉన్నది. ఒక మాట తీసి అదే అర్థమిచ్చే మరో మాట పెట్టండి. "చెరువుకు గట్టు వేశారు" అంటే అర్థం అదే, కాని అలంకారం మాయమైంది. కనక అది శబ్దాలంకారం. "అద్దంలా" తీసి "దర్పణంలా" అన్నా పోలిక చెక్కుచెదరదు. కనక అది అర్థాలంకారం.

మరి "పంచాయతీ గుమాస్తాగారు పన్ను కట్టించుకున్నారు" అంటే? ఊళ్ళో డబ్బు వసూలు చేశారా, ఊడిన పంటికి బదులు కొత్తది పెట్టించుకున్నారా? ఒకే మాటకు రెండర్థాలు వస్తే శ్లేష. ఇక్కడ "శిస్తు" అని మారిస్తే రెండో అర్థం పోతుంది. అందుకే శ్లేష ఏ జాతిలో చేరుతుందన్న విషయం మీద వెనకటి పండితులు గట్టిగా వాదించుకున్నారు.

భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న అలంకారాలు నాలుగే - ఉపమ, రూపకం, దీపకం, యమకం. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు "కువలయానందం" రాసేనాటికి అవి నూరు దాటాయి. ఓరుగల్లులో విద్యానాథుడు సంస్కృతంలో అలంకారశాస్త్రం రాసి, తన రాజైన ప్రతాపరుద్రుడి పేరే దానికి పెట్టాడు. ఆ దారిలోనే రామరాజభూషణుడు తెలుగులో "నరసభూపాలీయం" రచించాడు.

అలంకారం తెలిస్తే కవిత్వం రుచిస్తుంది. అంతే కాదు, మోసపోకుండానూ ఉంటాం. "ఈ నూనె రాస్తే జుట్టు వానకు గరికలా మొలుస్తుంది" అని ఒక వ్యాపారి అంటే, అది చక్కని ఉపమ. రుజువు మాత్రం కాదు. నగ తీసి పక్కన పెట్టి, మిగిలిన మాట ఎంతో చూడాలి.

రూపకంతో మరీ జాగ్రత్తగా ఉండాలి. "ఇవాళ ఎద్దులా నిద్రపోయావు" అంటే ఒక్కరోజు నిద్రకే పోలిక. "వాడొక మొద్దు" అంటే, మనిషికీ మొద్దుకూ భేదమే లేదన్నమాట! వినగా వినగా ఆ పిల్లవాడు కూడా అది నిజమే అనుకుంటాడు. అందమిచ్చే నగను మనిషికి సంకెలగా వాడరాదు. ఈ మాట పిల్లలతోపాటు పెద్దలకూ వర్తిస్తుంది.

ఇక వీటిలో ఏ అలంకారాలున్నాయో చెప్పండి:

1. మోదుగుచెట్టు కాగడాలా వెలుగుతున్నది.
2. ఈ మిణుగురులు నేలకు దిగివచ్చిన చుక్కలేమో!
3. మా తాత నవ్వితే నాలుగూళ్ళు దద్దరిల్లుతాయి.
4. ముల్లు తగిలి చీర చీరుకుపోయింది.

జవాబులు: 1. ఉపమ 2. ఉత్ప్రేక్ష 3. అతిశయోక్తి 4. ఛేకానుప్రాస.