చౌక సైకిల్‌కి సుఖం నేర్పే లెక్క

559. మీ సైకిల్ టైరు పక్కగోడ మీద దుమ్ము తుడిచి చూస్తే ఈ అంకె కనబడుతుంది. 50-559 అనో, 54-559 అనో అచ్చొత్తి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో హైపర్‌మార్కెట్ల ముందు వరసగా నిలబెట్టి అమ్మే 26 అంగుళాల చౌక ‘మౌంటెన్ బైక్’ల్లో సాధారణంగా కనిపించేది ఈ కొలతే.

అమెరికాలో ష్విన్ కంపెనీ 1933లో 2.125 అంగుళాల లావు టైర్లతో ఒక బరువైన సైకిల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. వెడల్పాటి సీటు, వెనక్కి వంగిన హ్యాండిల్‌తో నిటారుగా కూర్చుని నింపాదిగా తొక్కే క్రూయిజర్‌కి మూలం అదే. దాని రిమ్ము కొలతా 559యే. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఆ పాత సైకిళ్లనే కొండదారుల్లోకి దింపారు. 1976లో కొండ దిగే ‘రీప్యాక్’ పందేలు మొదలుపెట్టారు, గేర్లు తగిలించారు, హ్యాండిల్‌ని తిన్నగా చేశారు. మౌంటెన్ బైక్ అలా పుట్టింది. కాబట్టి మన చేతిలో ఉన్న చౌక సైకిల్ క్రూయిజర్‌కి మనవడే. దాన్ని తాత పోలికలోకి మళ్లించడానికి వెల్డింగ్ అక్కర్లేదు, నాలుగు పానాలు చాలు.

ఈ పని ఎవరికి అవసరమో చెప్పాలి. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో వెళ్లి దుబాయ్ సోనాపూర్ క్యాంపులోనో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనో ఉంటున్న మనిషికి సైకిల్ వారాంతపు సరదా కాదు. పనికి కంపెనీ బస్సు ఉంటుంది. సరుకులకు, డబ్బు పంపడానికి, పక్క క్యాంపులో ఉన్న ఊరివాళ్లను చూడటానికి సైకిలే దిక్కు. పగలంతా నడుం వంచి పనిచేసినవాడు సాయంత్రం మళ్లీ నడుం వంచి తొక్కాల్సిన సైకిల్ కొంటున్నాడు. కొండలు దిగడానికి గీసిన ఆకారాన్ని బల్లపరుపు నేల మీద వాడుతున్నాడు. నా అభ్యంతరమంతా ఇక్కడే. శరీరం బరువు ఎక్కడ పడుతుందన్నదే సుఖం. దాన్ని సరిచేయడానికి సైకిల్ ధరలో సగానికి మించి పెట్టనక్కర్లేదు.

మొదట సీటు ఎత్తు. దీనికి ఖర్చే లేదు. సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. పందెం సైకిళ్లవాళ్లు వాడే సూత్రం కూడా ఉంది. కాలి లోపలి పొడవును, అంటే గజ్జల నుంచి అరికాలి దాకా ఉన్న కొలతను, 0.883తో హెచ్చిస్తే, పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన దూరం వస్తుంది. లోపలి పొడవు 78 సెంటీమీటర్లయితే సుమారు 69. క్రూయిజర్‌కి ఇందులో 2, 3 సెంటీమీటర్లు తగ్గించండి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలివేళ్లు నేలకు అందుతాయి. సీటుని పూర్తిగా కిందికి దించేసి తొక్కేవాళ్లే ఎక్కువ. రెండు పాదాలూ నేలకు ఆనాలన్న భయంతో మోకాళ్లను బలిపెడుతున్నారు. సీటు గుంజ మీద కనీసం ఇంతవరకు లోపల ఉండాలని ఒక గీత ఉంటుంది. అది బయటికి కనబడేంత పైకి మాత్రం లేపకూడదు.

తర్వాత సీటు మార్చాలి. నిటారుగా కూర్చుంటే బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీదికి వస్తుంది. పెద్దవాళ్లలో ఆ రెండిటి మధ్య దూరం సుమారు 10 నుంచి 14 సెంటీమీటర్లు. సైకిల్‌తో వచ్చే సన్న సీటు ముందుకు వంగేవాడి కోసం చేసింది. 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పుతో, వెనక రెండు స్ప్రింగులున్న సీటు తీసుకోండి. చౌక సైకిళ్లలో సీటు పట్టే గుంజ కొస సాధారణంగా 22.2 మిల్లీమీటర్లే, కాబట్టి కొత్త సీటు క్లాంపు నేరుగా దిగుతుంది. బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. క్లాంపుకి రెండు పక్కలా నట్లు, వాటి లోపల పళ్లున్న బిళ్లలు ఉంటాయి. ఒక పక్కే పట్టుబట్టి బిగిస్తే పళ్లు సగం సగమే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, నాలుగు రోజులకు సీటు ముక్కు పైకి లేస్తుంది. పానాతో ఈ పక్క పావు తిప్పు, ఆ పక్క పావు తిప్పు చొప్పున వెళ్లాలి.

హ్యాండిల్ మూడోది. వెనక్కి వంగిన హ్యాండిల్ వేస్తే పిడులు ఒక జానెడు దగ్గరికి, నాలుగు వేళ్లు పైకి వస్తాయి. అరచేతుల మీద బరువు తగ్గుతుంది, చేతులు తిమ్మిరెక్కవు, మెడ ఎత్తి చూడక్కర్లేదు. కొనేముందు మధ్యలో పట్టు దగ్గర మందం చూసుకోండి. పాతపద్ధతిది 25.4, కొత్తరకం 31.8 మిల్లీమీటర్లు, ఒకదానిలో ఒకటి ఇమడదు. పిడి దగ్గర మాత్రం ఎక్కువగా 22.2యే, పాత బ్రేకు లీవర్లు అలాగే ఎక్కుతాయి. బ్రేకు తీగ మాత్రం చాలకపోవచ్చు. హ్యాండిల్ పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు తీగ లాగి బ్రేకు తనంతట తానే పడితే అది ప్రమాదం. కొత్త తీగ, కొత్త గొట్టం వేయించాల్సిందే.

ఇక టైర్లు, గేర్లు, ఎండ. ఈ మూడింటినీ విడివిడిగా చూడలేం. 70 కిలోల మనిషి, 18 కిలోల సైకిల్, గాలి లేని చదును రోడ్డు అనుకుని లెక్క కట్టాను. నునుపు టైర్లతో నిటారుగా కూర్చుని గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి సుమారు 53 వాట్ల శక్తి కావాలి. అదే వేగానికి బొడిపెల టైర్లతో 72 వాట్ల దాకా అవుతుంది. తారు రోడ్డు మీద ఆ బొడిపెలు మనల్ని మూడో వంతు ఎక్కువ కష్టపెట్టడం తప్ప చేసేదేమీ లేదు. వేగం పెంచితే గాలి అడ్డం తగులుతుంది. నునుపు టైర్లతోనే 20కి 98 వాట్లు, 25కి 165 వాట్లు.

మన కండరాలు తిన్న శక్తిలో నాలుగో వంతు కూడా పెడల్‌కి చేర్చలేవు, మిగతాదంతా వేడి. దుబాయ్‌లో ఆగస్టు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 40 డిగ్రీలు దాటుతుంది. చర్మం కంటే గాలే వేడి కాబట్టి ఆ వేడిని బయటికి పంపే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఈ లెక్కన 5 కిలోమీటర్లు 15 వేగంతో వెళ్తే 20 నిమిషాలు పడుతుంది, సుమారు 95 మిల్లీలీటర్ల చెమట ఆవిరవ్వాలి. 25 వేగంతో వెళ్తే 12 నిమిషాలే, చెమట 175 మిల్లీలీటర్లు. సముద్రపు తేమలో చాలా చెమట ఆవిరవకుండానే కారిపోతుంది, కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువ. 8 నిమిషాలు మిగిలించుకోవడానికి శరీరం నుంచి దాదాపు రెట్టింపు నీళ్లు ఇస్తున్నాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వ నిబంధన. సొంత పని మీద తొక్కేవాళ్లు కూడా ఆ వేళ బయటికి రాకపోవడమే మేలు.

అందుకే గేర్లు 15, 16 వేగానికి కుదరాలి. ఇలాంటి సైకిళ్లకు ముందు మూడు పళ్లచక్రాలు, తరచుగా 28, 38, 48 పళ్లతో వస్తాయి. వెనక ఫ్రీవీల్‌కి 14 నుంచి 28 దాకా ఏడు. ముందు 38, వెనక 18 పెట్టి నిమిషానికి 60 సార్లు తొక్కితే వేగం 15.7 కిలోమీటర్లు. మన ఊళ్లో తొక్కిన పెద్ద సైకిల్‌కి 44, 18 పళ్లుంటే అదే తొక్కుడుకి 19 దాటుతుంది, ఎదురుగాలిలో అది బరువే. ముందు చైను ఎప్పుడూ 38 మీదే ఉంచండి. వెనకున్న ఏడు గేర్లు బల్లపరుపు నగరానికి ఎక్కువే. పాడయ్యే భాగం ఒకటి తగ్గుతుంది.

గాలి గురించి ఒక మాట. 2 అంగుళాల టైరుకి పక్కగోడ మీద రాసిన పరిమితిలోనే 40 పీఎస్ఐ దగ్గర ఉంచితే గతుకులు తెలియవు. 25 డిగ్రీల్లో 40 కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే 46 అవుతుంది. దానికి భయపడి గాలి తీసేయనక్కర్లేదు. ఎండ అసలు పాడుచేసేది రబ్బరుని, పక్కగోడలో పగుళ్లు కనబడితే టైరు మార్చాలి. ముందు ఫోర్కులో స్ప్రింగు ఉంటే ఉండనివ్వండి, దాని మీద డబ్బు పెట్టకండి. వెనక కూడా స్ప్రింగున్న చౌక సైకిల్ అసలు కొనకండి. అది బరువు, ఊగుడు, కిర్రుమనే శబ్దం తప్ప ఇంకేమీ ఇవ్వదు.

ధరలు దుకాణాన్ని బట్టి మారతాయి. 350 దిర్హాముల సైకిల్‌కి నేనైతే ఇంతకు మించి పెట్టను: సీటుకి 50, హ్యాండిల్, పిడులకు 40, తీగలకు 15, నునుపు టైర్లు రెండింటికీ 70. మొత్తం 175, అంటే మన రూపాయల్లో నాలుగు వేలకు పైనే. నెలాఖరు ఇబ్బంది ఉంటే టైర్లు పాతవి అరిగేదాకా ఆగొచ్చు, సీటు మాత్రం ఆగదు.

హెల్మెట్, లైట్ల ఖర్చు దీనికి అదనం, వాటిలో బేరం లేదు. దుబాయ్‌లో 2022 నాటి నిబంధనల ప్రకారం ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు, పనిచేసే బ్రేకులు ఉండాలి. హెల్మెట్, మెరిసే జాకెట్ లేకపోతే 200 దిర్హాములు, వేగ పరిమితి 60 దాటిన రోడ్డు మీద తొక్కితే 300 జరిమానా. ఒక్కసారి పట్టుబడితే పైన చెప్పిన మార్పులన్నిటి ఖర్చూ పోయినట్టే. సైకిల్ దారులను 2030 కల్లా 1,000 కిలోమీటర్లకు పెంచాలని దుబాయ్ లక్ష్యం పెట్టుకుంది. ఆ దారులు క్యాంపుల గుమ్మాల దాకా రావాలని నా కోరిక.

మార్పులు చేసిన వారానికి మళ్లీ పానా పట్టండి. కొత్తగా వేసిన నట్లు మొదటి వారంలోనే వదులవుతాయి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని, కుడివైపుకి తిప్పితే ఊడుతుందని మరవకండి. చివరగా ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్‌ని గట్టిగా పక్కకు తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టు బిగించేదాకా సైకిల్ రోడ్డెక్కకూడదు.