పైథాన్‌లో దాచిన ఆబ్జెక్టు – సబ్‌క్లాసు చిక్కు

ఒకసారి సృష్టించిన ఆబ్జెక్టును దాచియుంచి, మరల అడిగినపుడు దానినే ఇచ్చు పద్ధతిని కంప్యూటరు పరిభాషలో క్యాష్ అందురు. ఇది నగదు కాదు గాని, పొదుపు మాత్రము నిజమే. అయితే క్లాసునకు సబ్‌క్లాసు ఏర్పడినపుడు ఈ పొదుపే ప్రమాదమునకు దారితీయవచ్చును. అది ఎట్లో విద్యార్థులకు వివరింపదలచితిమి.

గ్రంథాలయమునకు ప్రోగ్రాము వ్రాయుచున్నామనుకొందము. విద్యార్థులకు ‘సభ్యుడు’ అను క్లాసు. వారికి రెండు పుస్తకములు. దాని సబ్‌క్లాసు ‘అధ్యాపకుడు’, వారికి ఆరు. ఇరువురికిని సభ్యత్వ సంఖ్యలు వేరువేరుగా ఒకటి నుండి మొదలగును. పైథాన్‌లో ఆబ్జెక్టును పుట్టించు మెథడ్ ‘న్యూ’. పుట్టినదానిలో విలువలు నింపునది ‘ఇనిట్’. ‘న్యూ’లో సభ్యత్వ సంఖ్యను కీగా చేసి, ఆబ్జెక్టులను ఒక డిక్షనరీలో దాచితిమి.

చిక్కు ఇచటనే కలదు. సబ్‌క్లాసునకు తల్లి డిక్షనరీయే వారసత్వముగా వచ్చును, వేరొకటి ఏర్పడదు. విద్యార్థి 25 పుట్టిన పిమ్మట అధ్యాపకుడు 25ను కోరినచో, విద్యార్థి ఆబ్జెక్టే చేతికి వచ్చును. అది అధ్యాపక క్లాసునకు చెందనిది గనుక ‘ఇనిట్’ సైతము నడువదు. దోషసూచన ఏదియు కనబడదు. ఆరు పుస్తకములకు అర్హుడైనవానికి రెండే దక్కును.

దీనికి సులభమైన విరుగుడు, క్లాసును, సంఖ్యను జతచేసి కీగా వాడుట. రెండవది, పైథాన్ 3.6 (2016)లో వచ్చిన ‘ఇనిట్ సబ్‌క్లాస్’ ద్వారా ప్రతి సబ్‌క్లాసునకు సొంత డిక్షనరీ కల్పించుట. తల్లి క్లాసు పరులు వ్రాసినదై, మార్పునకు వీలులేనిదైనచో, సబ్‌క్లాసులో సొంత ‘న్యూ’ వ్రాసి, ‘ఆబ్జెక్ట్’ అను ఆదిక్లాసు యొక్క ‘న్యూ’ను నేరుగా పిలువవచ్చును. తల్లి సాధారణ పైథాన్ క్లాసైనపుడు ఇది చెల్లును.

మరియొక జాగ్రత్త గలదు. దాచిన ఆబ్జెక్టు సరియైన క్లాసుదే అయినను, అడిగిన ప్రతిసారి ‘ఇనిట్’ మరల నడచును. అందు పుస్తకముల జాబితాను ఖాళీగా ప్రారంభించినచో, తీసికొనిన పుస్తకముల లెక్క చెరిగిపోవును. ఒక్కసారి మాత్రమే జరుగవలసిన పనిని ‘న్యూ’లో, ఆబ్జెక్టు క్రొత్తగా పుట్టినపుడే చేయవలెను.

పైథాన్ భాష సైతము ఈ వివేకమునే పాటించుచున్నది. సీపైథాన్ 3.12లో −5 నుండి 256 వరకు పూర్ణాంకములు ముందే సిద్ధమై యుండును. కాని పూర్ణాంక క్లాసునకు సబ్‌క్లాసు వ్రాసి 5ను కోరినచో, క్రొత్త ఆబ్జెక్టే పుట్టును. సత్యాసత్యములను తెలుపు ‘బూల్’నకు రెండే ఆబ్జెక్టులు; అందుచేత దానికి సబ్‌క్లాసునే నిషేధించిరి. కావున క్యాష్ గల క్లాసును వ్రాయువారు వారసులకు వేరు చోటు చూపవలెను; లేదా వారసత్వము లేదని ముందే స్పష్టము చేయవలెను.