కన్నం కలవనప్పుడు

పాత తలుపుకు కొత్త గొళ్ళెం కొంటాం. రెండు స్క్రూలు సరిగ్గా కూర్చుంటాయి, మూడోది మాత్రం పాత కన్నానికి రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. కొట్టువాణ్ణి అడిగితే ఈ సైజు తప్ప వేరేది రాదంటాడు. ఇక ఇంట్లోనే సరిచేసుకోవాలి. రుద్దాలా, వంచాలా, కాల్చి కొట్టాలా? పని పూర్తయ్యాక మూడూ ఒకేలా కనిపించవచ్చు కానీ, లోహం లోపల జరిగేవి వేర్వేరు. రుద్దితే కొలత ఒక్కటే మారుతుంది. వంచితే గట్టిదనం కూడా మారుతుంది. కాలిస్తే, కార్ఖానాలో దానికి ఇచ్చిన బలమంతా పోవచ్చు. అందుకే ఎవరు అడిగినా ముందు ఆకురాయి, తర్వాత డ్రిల్లు, ఆ తర్వాతే వంచడం, నిప్పు చిట్టచివర అని చెబుతాను.

అయితే చెయ్యి పెట్టేముందు అది ఎందుకు పట్టడం లేదో తెలుసుకోవాలి. మన ఇళ్ళలో రెండు కొలతల ఇనుము కలగలిసి ఉంది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో దేశం మెట్రిక్ పద్ధతికి మళ్ళింది. నీళ్ళ పైపులు మాత్రం ఇప్పటికీ అరంగుళం, ముప్పావంగుళం లెక్కలోనే అమ్ముతారు. బోల్టుల్లోనూ ఈ కలగలుపు ఉంది. ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఇంగ్లండులో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మరది 60. అంగుళంలో 16వ వంతులు ఐదున్న బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. దాన్ని 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ విట్‌వర్త్ బోల్టులో మరకూ మరకూ మధ్య దూరం 1.41 మిల్లీమీటర్లు, మెట్రిక్ బోల్టులో 1.25. అందువల్ల నట్టు ఒకటి రెండు చుట్లు సాఫీగా ఎక్కి, అక్కడ బిగుసుకుపోతుంది. నూనె వేసి, పొడవాటి పానా పట్టి తిప్పితే రెండింటి మరలూ నలిగిపోతాయి. అలాంటప్పుడు నట్టు మార్చడమే సరైన పని.

తేడా కొలతలోనే ఉందని తేలితే ఆకురాయి తీయండి. దాని మొదటి ఉపయోగం పరీక్ష. కనిపించని మూల ఒకచోట ఆనించి ఒక్క తోపు తోయండి. కొరికి పొడి రాలితే అది మెత్తని ఉక్కు, అంటే కార్బన్ 0.25 శాతం కంటే తక్కువున్నది. తలుపు బందులు, గొళ్ళేలు, కిటికీ కొక్కేలు చాలావరకు ఇదే రకం. కొరక్కుండా జారిపోయిందంటే ఆ ముక్కను వేడిచేసి, చల్లార్చి గట్టిపరిచారన్నమాట. తాళంకప్ప కొక్కెం, బేరింగు ఇలాంటివి. వాటి జోలికి వెళ్ళకుండా, జతలోని రెండో ముక్కను తగ్గించండి. ఆకురాయి పళ్ళు ముందుకు తోసేటప్పుడే కోస్తాయి. వెనక్కి లాగేటప్పుడు కూడా అదిమితే కోత ఉండదు సరికదా పళ్ళు మొద్దుబారతాయి. అల్యూమినియం, ఇత్తడి రుద్దేముందు ఆకురాయికి సుద్దముక్క పూస్తే పొడి పళ్ళలో ఇరుక్కోదు.

కన్నం పెద్దది చేస్తే పట్టు పోతుందేమోనని చాలామంది జంకుతారు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మామూలు ఇంజనీరింగ్ పనిలో వేసే కన్నమే 9 మిల్లీమీటర్లు. బోల్టు పట్టుకునేది కన్నం గోడను కాదు. బిగించినప్పుడు బోల్టు రవ్వంత సాగి, తిరిగి కుదించుకోవాలని చూస్తూ రెండు రేకులనూ అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే వాటిని కదలనివ్వదు. కాబట్టి కన్నాన్ని గుండ్రటి ఆకురాయితో కాస్త కోలగా సాగదీసి, మందపాటి వెడల్పు వాషరు వేస్తే చాలు.

ఎటు సాగదీస్తున్నామన్నది మాత్రం ముఖ్యం. లాగుడు పడుతున్న వెడల్పాటి పలకలో గుండ్రటి కన్నం ఉంటే, దాని అంచు దగ్గర ఒత్తిడి మూడింతలవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లో లెక్కగట్టాడు. కోలగా ఉన్న కన్నం సంగతి ఇంగ్లిస్ 1913లో తేల్చాడు. కన్నం వెడల్పుకు రెండింతల పొడవుంటే, ఆ పొడవు లాగుడుకు అడ్డంగా ఉన్నప్పుడు అంచు ఒత్తిడి ఐదింతలు, లాగుడు దిశలోనే ఉన్నప్పుడు రెండింతలే. అంటే ఒకే కన్నం తిప్పి పెట్టినంత మాత్రాన పగులును పిలవనూ వచ్చు, ఆపనూ వచ్చు. రంపంతో గాటుపెట్టి పదునైన మూల వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఏ కన్నమైనా చివర గుండ్రంగా ముగియాలి.

డ్రిల్లు దగ్గర సతాయించేది స్టెయిన్‌లెస్ స్టీలు. మొద్దుబారిన డ్రిల్లు వేగంగా తిరుగుతూ, కోయకుండా రుద్దుతూ ఉంటే కింద పొర నిమిషంలో గట్టిపడుతుంది, ఆపైన డ్రిల్లు దిగనే దిగదు. నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా అదమాలి, నూనె చుక్క వేయాలి. ఇలా గట్టిపడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలుగా అయస్కాంతం అంటదు. కానీ బాగా వంచిన మూలల దగ్గర కాస్త అంటుకుంటుంది. ఒత్తిడికి లోపలి పరమాణువుల అమరికే మారిపోయి, గట్టిదీ అయస్కాంతానికి లొంగేదీ అయిన రూపం వస్తుంది.

ఇక వంచడం. లోహంలో పరమాణువులు వరసలుగా పేర్చి ఉంటాయి. అక్కడక్కడా ఒక వరస సగంలో తెగి ఆగిపోయి ఉంటుంది. ఆ లోపాన్ని డిస్‌లొకేషన్ అంటారు. లోహం వంగడానికి కారణం ఈ లోపాల కదలికేనని 1934లో శాస్త్రవేత్తలు టేలర్, ఒరొవాన్, పొలానీ ముగ్గురూ విడివిడిగా చెప్పారు. పెద్ద జంపఖానాను మొత్తంగా లాగలేం, ఒక చివర మడత లేపి ఆ మడతనే తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. లోహంలో పరమాణువుల పొరలూ అలాగే జరుగుతాయి. చిక్కేమిటంటే, వంచేకొద్దీ కొత్త లోపాలు పుట్టి ఒకదానికొకటి అడ్డుపడతాయి. మెత్తబరచిన లోహంలో చదరపు సెంటీమీటరుకు పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉండేవి, బాగా సాగగొట్టిన దాంట్లో లక్ష కోట్లకు చేరతాయి. కదలడానికి చోటులేక లోహం బిరుసెక్కుతుంది. అందుకే తప్పువైపు వంచిన బందు రెక్కను వెనక్కి, ముందుకు నాలుగుసార్లు తిప్పితే విరిగి చేతికొస్తుంది. ఒక్క వంపులో పని అయ్యేట్టు ముందే గీత గీసుకోవాలి. వదలగానే కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే వంచాలి. లోపలి వంపు వ్యాసార్థం రేకు మందానికి తగ్గకూడదు. రాగి బిరుసెక్కితే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా మళ్ళీ మెత్తబడుతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు ఇదే చేస్తే రాయిలా గట్టిపడి పెళుసవుతుంది.

వేడితో మంచి ఉపాయమూ ఉంది. కన్నమున్న ముక్కను కాలిస్తే కన్నం కూడా పెరుగుతుంది, తగ్గదు. కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేది ఈ సూత్రంతోనే. 1.2 మీటర్ల వ్యాసమున్న పట్టాను 500 డిగ్రీలు వేడెక్కిస్తే వ్యాసం 7 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. చక్రం మీద వేసి నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. ఇంట్లో చిన్న ముక్కల దగ్గర లాభం తక్కువ. 20 మిల్లీమీటర్ల కన్నం 200 డిగ్రీలకు పెరిగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే. నష్టం మాత్రం పెద్దది కావచ్చు. తల మీద 8.8 అనే బలం గుర్తు ఉన్న బోల్టును 425 డిగ్రీలకు పైగా కాలిస్తే, ఆ బలం కోసం కట్టిన ఎక్కువ డబ్బు వృథా. జింకు పూత ఉన్నవాటిని మంటలో పెట్టనే వద్దు. జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి తెల్లటి పొగవుతుంది, దాన్ని పీల్చినవారికి కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది.

గ్యాసు రెగ్యులేటరు, బండి బ్రేకు, సీలింగు ఫ్యాను వేలాడే కొక్కెం, వీటిలో ఏదీ రుద్దకండి, వంచకండి. సరైన భాగం దొరికేదాకా ఆగండి.

తక్కినవి బిగించేముందు ఒక్క పని మిగులుతుంది. రుద్దిన అంచుల్లో వేలికి గుచ్చుకునే గరుకు ఉంటుంది. దాన్ని ఆకురాయితో రెండుసార్లు ఏటవాలుగా తీసేయండి. కొత్తగా బయటపడ్డ ఉక్కుకు ఒక్క వాన చాలు తుప్పు పట్టడానికి, కాబట్టి ఆ చోట జింకు పొడి కలిసిన రంగు పూసి, అది ఆరాకే స్క్రూ ఎక్కించండి.