కొన్న ఆటకు తాళము

జపానుదేశపు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థవారు 2022 ఫిబ్రవరిలో వెలువరించిన ‘ఎల్డెన్ రింగ్’ అను వీడియో ఆటను, రాత్రి భోజనాలైన పిమ్మట మేమొక గంటసేపు ఆడుచుందుము. మా చిన్నవాడు నవ్వును, నవ్వనిండు.

దానికి అనుబంధమైన ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ 2024 జూన్ 21న రాగా, ఆత్రముగా పైకము చెల్లించితిమి. తీరా చూడగా లోనికి ప్రవేశమే లేదు! మూల ఆటలో రాడాన్, మోగ్ అను ఇరువురిని ఓడించినవారికే దారి. ఈ షరతు వారు ముందే ప్రకటించియున్నారు. దినమెల్ల ఇతరుల దరఖాస్తులలో షరతులు వెదకు గుమాస్తాకు అది కనబడలేదు! రాడాన్ ఎట్లో కూలెను గాని, మోగ్ మూడు వారములు మమ్ము ముప్పుతిప్పలు పెట్టెను.

లోన మా పాత బలము చాలలేదు. స్కాడుట్రీ తునకలను మూలమూలలా వెదకి తెచ్చుకొన్నకొలది దెబ్బకు బిగువు, ఒంటికి ఓర్పు పెరుగును. అదియు ఆ నేలమీదనే. వెదకక నేరుగా పోరినవారు ‘అన్యాయము’ అని గగ్గోలుపెట్టగా, జూన్ 26ననే మొదటి తునకల ఫలమును పెంచిరి. మాకా మార్పు అక్కరలేకుండెను. తిరిగినవానికే బలమనుట మాకు నచ్చినది.

నచ్చనిది తుది పోరు. వెలుగు కన్నులను కమ్మును, దెబ్బ ఎటునుండి వచ్చునో తెలియదు. దానిని మేమింకను గెలువలేదు.