గని చరిత్ర వ్రాయు విద్యార్థికి పంచాయతీ తోడ్పాటు

కర్ణాటకలోని కోలారు బంగారు గనులును, చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట గనియు 2001లో మూతపడినవి. ఆ గనులలో దిగిన కార్మికులు నేడు వృద్ధులైనారు. వారి చరిత్రను వ్యాసముగా వ్రాయుటకు విద్యార్థి ఎవరైన గ్రామమునకు వచ్చినచో, పంచాయతీ సభ్యులు తోడ్పడవలెను.

వ్యాసమునకు ముందుగా ఒక ప్రశ్న కావలెను. ‘కోలారు గనుల చరిత్ర’ యనునది మిక్కిలి విశాలమైన విషయము. ‘1902లో శివనసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చిన పిదప గనిపనిలో ఏ మార్పు కలిగినది?’ అని అడిగినచో వెదకవలసినదేమో తెలియును.

పిమ్మట ఆధారములు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల నిర్వహణకు వచ్చెననియు, 1956లో మైసూరు ప్రభుత్వము వానిని స్వాధీనపరచుకొనెననియు కాగితములు చెప్పును. మూడు కిలోమీటర్ల లోతున వేడిమి ఎట్లుండెనో, రాతిపొరలు పగిలి కూలిన దినమున ఇంటివారు ఎట్లు ఎదురుచూచిరో కార్మికుని కుటుంబమే చెప్పవలెను. జ్ఞాపకము సంవత్సరములను తారుమారు చేయవచ్చును. కాగితము యజమాని పక్షమున వ్రాసినదై యుండవచ్చును. కావున రెంటిని సరిపోల్చి, చూచినది, విన్నది, చదివినది వేరువేరుగా వ్రాయవలెను.

సభ్యులు విద్యార్థికి పెద్దలను పరిచయము చేయవలెను. పాత జీతపు చీటీలను, ఛాయాచిత్రములను పారవేయవద్దని ఇంటింట చెప్పవలెను. విడిచిన గనిగోతులలో ఎవరిని దిగనీయరాదు. పూర్తియైన వ్యాసపు ప్రతి నొకదానిని గ్రామ గ్రంథాలయమున ఉంచవలెను. చెప్పువారు పోయిన పిదప ఆ మాట మరల దొరకదు.