రేడియోలో బరబర ధ్వని

1931లో పూర్తియైన నిజాంసాగరు నీరందని చోట బోధను చెఱకునకు బావి మోటారే దిక్కు. అది నడచువేళ రేడియోలో వార్తలకు మాఱుగా బరబర ధ్వని వినవచ్చుచుండును. కళ్ళములో పసుపు ఆరబోసిన రైతునకు వానకబురు తప్పిపోవుట చిన్న నష్టమా?

లోపము రేడియోయందు లేదు. స్టార్టరునందును, వదులైన తీగ ముడులయందును నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వయే యొక చిన్న ప్రసార కేంద్రము. 1887-88లో హెర్ట్జు పండితుడు విద్యుత్తరంగములను నిరూపించినది ఇట్టి రవ్వతోడనే! మీడియం వేవునందు మాటలు తరంగపు హెచ్చుతగ్గులపై వచ్చును. రవ్వ గోలయు నట్టిదే గనుక రెండును కలిసిపోవును. ఎఫ్.ఎం.నం దీ బాధ తక్కువ.

మొదట మోటారు నాపి వినుడు. ధ్వని యాగెనా, దొంగ దొరికినట్లే. పని తెలిసిన మేస్త్రిచేత, మెయిను తీయించిన పిదప, ముడులు బిగింపించి తగిన కండెన్సరు పెట్టింపుడు. మీరు చేయి పెట్టరాదు. అందాక రేడియోను మెల్లగా నలుదిక్కులకు త్రిప్పి చూడుడు. లోపలి ఏరియలు కడ్డీ యొక దిక్కున గోలను తక్కువగా గ్రహించును.